వైడాల్ పాజిటివ్ వస్తే మళ్లీ టైఫాయిడ్ వచ్చినట్టేనా?

ప్రశ్న: మేం విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాం. మా అత్తయ్య, మా ఆయన కలిసి సందు చివర టిఫిన్ బండి నడుపుతారు. మా బాబుకి 11 ఏళ్లు. ఈ ఏడాదిలో వాడికి మూడుసార్లు టైఫాయిడ్ అన్నారు. ప్రతిసారీ వైడాల్ పరీక్ష పాజిటివే. పోయిన నెల ఐదు రోజులు ఇంజెక్షన్లు చేయించి, తర్వాత బిళ్లలు వాడాం. జ్వరం పూర్తిగా తగ్గింది, ఆకలేస్తోంది, బడికి పోతానంటున్నాడు. అయినా అనుమానం తీరక మళ్లీ పరీక్ష చేయిస్తే ఇంకా పాజిటివ్ అనే వచ్చింది. మెడికల్ షాపతను మరో కోర్సు వాడమని బిళ్లలిచ్చాడు. ఈ జబ్బు వాడి రక్తంలో ఉండిపోయిందా? వాడి చెల్లికి అంటుకుంటుందా? అత్తయ్య వాడికి కంచం, గ్లాసు వేరే పెట్టింది. బండి తిండి వల్లే వచ్చిందని ఇరుగుపొరుగు అంటున్నారు. బండి ఆపేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, విజయవాడ

సమాధానం: అమ్మా, ముందు ఆ రెండో కోర్సు సంగతి. వాడొద్దు. జ్వరం లేదు, ఆకలేస్తోంది, బడికి పోతానంటున్నాడు అని మీరే రాశారు. అలాంటి పిల్లాడికి రిపోర్టులో పాజిటివ్ అని ఉందని యాంటీబయాటిక్ ఇస్తే, మందు వేస్తున్నది పిల్లాడికి కాదు, కాగితానికి. అసలు జబ్బు తగ్గిందో లేదో తెలుసుకోవడానికి వైడాల్ మళ్లీ చేయించాల్సిన అవసరమే లేదు. ఆ ప్రశ్నకి ఆ పరీక్ష జవాబు చెప్పలేదు.

ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మన విజయవాడ, గుంటూరుల్లో జ్వరమొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒక వైడాల్ రిపోర్టు కనిపిస్తుంది. ఈ పరీక్ష పుట్టింది 1896లో, ఫ్రాన్స్‌లో. వైడాల్ దాన్ని కనిపెట్టిన వైద్యుడి పేరు. ఇది టైఫాయిడ్ క్రిమిని వెతకదు. క్రిమి మీద పోరాడటానికి మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను వెతుకుతుంది. దొంగ ఇంట్లో ఉన్నాడా అని చూడకుండా, ఈ వీధిలో ఎప్పుడైనా దొంగతనం జరిగినట్టు స్టేషన్లో కేసు నమోదై ఉందా అని చూడటం లాంటిదన్నమాట. జబ్బు తగ్గిపోయిన తర్వాత కూడా ఆ యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి, రిపోర్టులో ‘హెచ్’ అని రాసేవి కొందరిలో ఏళ్ల తరబడి కూడా. టైఫాయిడ్ తరచూ వచ్చే మన ప్రాంతంలో ఏ జబ్బూ లేని మనిషికి చేసినా కొంత అంకె కనిపించవచ్చు. మలేరియా, డెంగీ లాంటి వేరే జ్వరాల్లోనూ ఒక్కోసారి పాజిటివ్ వస్తుంది. పైగా నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లకి మొదటి వారంలో నెగిటివ్ రావచ్చు. ఉన్నప్పుడు లేదని, లేనప్పుడు ఉందని చెప్పే పరీక్ష ఒక్కదాన్ని పట్టుకుని ఇంత పెద్ద జబ్బు పేరు తగిలించడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. కానీ చవక, గంటలో రిపోర్టు చేతికొస్తుంది, ‘ఏదో ఒకటి తేలింది’ అన్న తృప్తి ఉంటుంది. అందుకే వదలట్లేదు.

కాబట్టి మీ బాబుకి మూడుసార్లూ టైఫాయిడే వచ్చిందా అన్నది నా అనుమానం. ఒకసారి వచ్చి ఉండొచ్చు. మందు ఆపిన రెండు మూడు వారాల్లో అదే జబ్బు తిరగబెట్టడం కూడా ఉంది, కొద్దిమందిలో అలా జరుగుతుంది. కానీ నెలల తేడాతో ఏడాదిలో మూడుసార్లు కొత్తగా రావడం అరుదు. మధ్యలో ఒకటో రెండో వైరల్ జ్వరాలై ఉండి, పాత యాంటీబాడీలు రిపోర్టులో టైఫాయిడ్‌లా కనిపించి ఉండే అవకాశమే ఎక్కువ. వైరల్ జ్వరం నాలుగైదు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. అప్పటికి ఇంజెక్షన్లు కూడా ఐదు రోజులు పూర్తవుతాయి, పేరు ఇంజెక్షన్‌కి వస్తుంది.

టైఫాయిడ్‌ని తేల్చి చెప్పేది బ్లడ్ కల్చర్. రక్తాన్ని క్రిములకి ఆహారం ఉండే సీసాలో పోసి, వెచ్చగా ఉంచి, ఏం పెరుగుతుందో చూస్తారు. రెండు మూడు రోజుల్లో సంగతి తెలుస్తుంది. పెరిగిన క్రిమి మీద ఏ మందు పనిచేస్తుందో, ఏది పనిచేయదో కూడా ఆ తర్వాత చెప్తారు. అన్నిటికంటే విలువైన సమాచారం అదే. లోపం లేదని కాదు. సగానికి సగం కేసుల్లో క్రిమి దొరకకపోవచ్చు, అంటే నెగిటివ్ వచ్చినా టైఫాయిడ్ లేదని చెప్పలేం. యాంటీబయాటిక్ ఒక్క డోసు పడ్డాక తీస్తే దొరికే అవకాశం ఇంకా తగ్గిపోతుంది. మన దగ్గర జరిగేది మాత్రం దీనికి తిరగ్గా ఉంటుంది: మొదటిరోజు షాపులో రెండు బిళ్లలు, మూడోరోజు వీధిలో ఇంజెక్షన్, వారానికి పెద్దాసుపత్రి, అప్పుడు కల్చర్. అప్పటికి సీసాలో పెరగడానికి ఏం మిగులుతుంది?

ఈ మాట టైఫాయిడ్ ఒక్కదాని కోసమే చెప్పట్లేదు. 2025లో గుంటూరు పక్కన తురకపాలెంలో వరస మరణాలు జరిగినప్పుడు మెలియాయిడోసిస్ అనే పేరు పేపర్లలో చూసే ఉంటారు. అది మట్టిలో, నిలవనీళ్లలో ఉండే బ్యాక్టీరియాతో వచ్చే జబ్బు. షుగర్ ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ. మామూలుగా జ్వరాలకి వాడే యాంటీబయాటిక్‌లు చాలావరకు దానికి చాలవు. మందులే వేరు, నెలల తరబడి వాడాలి. దాన్ని పట్టుకునేది కల్చరే. వైడాల్ చూసి టైఫాయిడ్ అనుకుంటూ కూర్చుంటే విలువైన రోజులు పోయినట్టే.

మీరుండేది సింగ్‌నగర్ కాబట్టి ఇంకో రెండు జ్వరాలు గుర్తుపెట్టుకోండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు మీ ఇళ్లలోకి వచ్చి రోజుల తరబడి నిలిచాయి. అలాంటి నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది. కాళ్ల మీద చిన్న పుండున్నా చాలు, అందులోంచి లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఒంట్లోకి వెళ్తుంది. ఎలుక జ్వరం అంటారే, అదే. ఒళ్లునొప్పులు, ముఖ్యంగా పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం, ముదిరితే కామెర్లు. రెండోది స్క్రబ్ టైఫస్. గడ్డీ పొదల్లో ఉండే నల్లి లాంటి పురుగు పిల్ల కుడితే వస్తుంది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది. చంకలో, గజ్జల్లో, నడుం పట్టీ దగ్గర ఉంటుంది కాబట్టి బట్టలు తీసి చూస్తేగానీ కనపడదు, అందరికీ ఉండకపోవచ్చు కూడా. ఈ రెండిటికీ డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది, ఖరీదు కూడా చాలా తక్కువ. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలకి నాయకత్వం వహించిన అమెరికాలోని లెడర్లే కంపెనీ నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలో పుట్టిన మందే. సుబ్బారావు గారి గురించి పాఠ్యపుస్తకంలో చదివి పరీక్ష రాసి మర్చిపోయాం గానీ, ఆ మందుల కుటుంబం ఇప్పటికీ మన ప్రాణాలు కాపాడుతూనే ఉంది.

ఇక మీ అత్తయ్య పెట్టిన వేరే కంచం. పెద్దావిడ భయంతో చేశారు, తప్పు పట్టకండి. కానీ దానివల్ల లాభం లేదు. టైఫాయిడ్ దగ్గితే, తాకితే, పక్కన పడుకుంటే అంటుకోదు. ఆ క్రిమి మనుషుల్లో తప్ప మరే జంతువులోనూ బతకదు. రోగి మలంలోంచి బయటికి వస్తుంది, నీళ్ల ద్వారానో, తిండి ద్వారానో, కడుక్కోని చేతి ద్వారానో ఇంకొకరి నోట్లోకి వెళ్తుంది. చెప్పడానికి అసహ్యంగా ఉన్నా దారి అదొక్కటే. కలరా, జిగట విరేచనాలు కూడా అదే దారిలో వస్తాయి. కాబట్టి కంచం వేరుచేసే బదులు మరుగుదొడ్డి దగ్గర సబ్బు పెట్టండి. బాబు వెళ్లొచ్చాక సబ్బుతో రెండు చేతులూ, గోళ్ల సందులతో సహా రుద్ది కడుక్కోవాలి. జబ్బు తగ్గాక కూడా కొన్ని వారాలపాటు మలంలో క్రిమి పోతూ ఉండవచ్చు. అందుకని కొన్నాళ్లు వాణ్ణి చట్నీ కలపమనో, నీళ్లు ముంచి ఇవ్వమనో పురమాయించకండి. (గాలిలో అంటుకునేది క్షయ. దానికైనా కంచం గ్లాసుతో పనిలేదు, దగ్గుతో పని. టీబీ రోగికి వేరే కంచం పెట్టి, కిటికీలన్నీ మూసేసిన గదిలో అందరూ కలిసి పడుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి.)

చెల్లికి టీకా వేయించండి. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా అని అడగాలి. మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు కూడా ఉంది. ఆరు నెలల పసివాళ్ల నుంచి 45 ఏళ్ల పెద్దల దాకా ఒక్క డోసు చాలు. నేపాల్‌లో పిల్లల మీద చేసిన పరీక్షల్లో సుమారు 80 శాతం రక్షణ కనిపించింది. ప్రభుత్వ ఉచిత టీకాల్లో ఇది లేదు, పిల్లల డాక్టర్ దగ్గర డబ్బు పెట్టి వేయించాలి. మూడుసార్ల ఇంజెక్షన్లకీ సెలైన్లకీ మీరు పెట్టిన ఖర్చుతో పోలిస్తే ఎక్కువేం కాదు. బాబుకి కూడా వేయించాలి, కాకపోతే జబ్బు తగ్గి నెల, నెలన్నర దాటాక. ఒకసారి వస్తే ఇక రాదన్న భరోసా ఈ జబ్బులో లేదు.

ఇప్పుడు బండి. ఆపక్కర్లేదు, కానీ కొన్ని మార్చాలి. ఇరుగుపొరుగు మాట పూర్తిగా నిజమూ కాదు, పూర్తిగా కొట్టిపారేయలేం కూడా. ఆవిర్లు కక్కే ఇడ్లీలో, పెనం మీంచి తీసిన దోసెలో, నూనెలోంచి దేవిన పునుగులో టైఫాయిడ్ క్రిమి బతికుండదు. సాంబారు మరుగుతూ ఉన్నంతసేపు దానికీ భయం లేదు. నా అనుమానం అంతా పల్లీచట్నీ మీద. పల్లీలు వేయిస్తారు, మిరపకాయలు వేయిస్తారు, మిక్సీలో పోసేవి మాత్రం పచ్చినీళ్లు. ఎనిమిదిన్నరకి జనం ఎక్కువై చట్నీ తరిగిపోతుంటే ఇంకో చెంబు నీళ్లు పోసి పలచన చేస్తారు, ఆ చెంబు ఎక్కడెక్కడ పెట్టిందో ఎవరూ చూడరు. మీద వేసే తాళింపు వాసన కోసమే, చట్నీ మొత్తాన్ని మరిగించదు. అందుకని ముందురోజు రాత్రే నీళ్లు కాచి, చల్లార్చి, కుళాయి ఉన్న డబ్బాలో మూతపెట్టి ఉంచండి. చట్నీకి, తాగడానికి ఆ నీళ్లే. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు, అరగంట గ్యాసు వృథా చేయక్కర్లేదు.

ప్లేట్లు ఒకే బకెట్లో ముంచి తీస్తుంటే అది కడిగినట్టు కాదు, మొదట తిన్నవాడి ఎంగిలి నలభయ్యో మనిషికి పంచినట్టు. ప్లేటు మీద అరిటాకు ముక్క వేసి ఇవ్వండి. ప్లాస్టిక్ కవరు తొడిగి దానిమీద వేడి ఇడ్లీ పెట్టడం నాకిష్టం లేదు, అది వేరే గొడవ. డబ్బులు తీసుకునేవాళ్లు ఒకరు, వడ్డించేవాళ్లు ఒకరు ఉండేలా చూసుకోండి. ఇద్దరున్నారు కాబట్టి మీకు కష్టం కాదు. ఇంట్లో ఎవరికైనా జ్వరమో విరేచనాలో ఉంటే, వాళ్లకి సేవ చేసే మనిషి ఆ రోజుల్లో బండి వంట ముట్టుకోకూడదు.

ఇంకోటి అడగడానికి మొహమాటంగా ఉంటుంది, అయినా చెప్పాలి. టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్లలో నూటికి ఒకరి నుంచి ఐదుగురిలో ఆ క్రిమి పిత్తాశయంలో తిష్ఠ వేస్తుంది. వాళ్లకి జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, ఏళ్ల తరబడి మలంలో క్రిమి మాత్రం పోతూ ఉంటుంది. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లలో, ఆడవాళ్లలో ఇది కాస్త ఎక్కువ. అమెరికాలో మేరీ మాలన్ అనే వంటమనిషి కథ ఇదే. ఆమె వండిన ఇళ్లలో వరసగా టైఫాయిడ్ వస్తుంటే 1907లో ఆమెని పట్టుకుని ద్వీపం మీద ఉంచారు. మధ్యలో వదిలితే మారుపేరుతో మళ్లీ వంటపనిలోనే చేరింది. మళ్లీ పట్టుకుని, 1938లో చనిపోయేదాకా అక్కడే ఉంచారు. ఆమెకి ఏ రోజూ జబ్బుగా అనిపించలేదు, అందుకే ఎవరు చెప్పినా నమ్మలేదు. ఆ రోజుల్లో మందు లేదు. ఇప్పుడుంది, కొన్ని వారాలు వాడితే చాలామందిలో పోతుంది. మీ అత్తయ్య, మీ ఆయన ఇద్దరూ మలపరీక్ష చేయించుకోవడం మంచిది. మామూలు మలపరీక్ష కాదు, స్టూల్ కల్చర్. ఒక్కసారి నెగిటివ్ వస్తే సరిపోదు, వేరువేరు రోజుల్లో మూడుసార్లు ఇవ్వమంటారు. అత్తయ్యతో ‘మీ వల్లే వచ్చింది’ అన్నట్టు కాకుండా, బండి మీద పనిచేసే అందరం చేయించుకుంటున్నాం అని చెప్పండి. నిజానికి ఆహార భద్రత నిబంధనల ప్రకారం వండి వడ్డించేవాళ్లు ఏటా వైద్యపరీక్ష చేయించుకోవాలి, టైఫాయిడ్ కోవ జబ్బులకి టీకా కూడా వేయించుకోవాలి. ఆ కాగితం చేతిలో ఉంటే ఇరుగుపొరుగుకి చూపించడానికీ పనికొస్తుంది.

నీళ్ల గురించి. కార్పొరేషన్ కృష్ణ నీటిని శుద్ధి చేసి క్లోరిన్ కలిపే పంపుతుంది. తేడా వచ్చేది దారిలో. కుళాయి వదలని గంటల్లో పైపులో ఒత్తిడి ఉండదు. పైపుకి ఎక్కడైనా పగులుండి, పక్కనే మురుగుకాలువ ఉంటే ఆ నీళ్లు లోపలికి జారతాయి. పైపుకి నేరుగా మోటారు బిగించి లాగేవాళ్లుంటే ఇంకా వేగంగా లాక్కుంటుంది. అందుకే నీళ్లు వదలగానే వచ్చే మొదటి బిందె రంగు, వాసన చూడండి. కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పరీక్షించమని వార్డు సచివాలయంలో అడగండి, ఐదు నిమిషాల పని. వీధిలో రెండు మూడు ఇళ్లలో ఒకేసారి విరేచనాలు మొదలైతే ఆ రోజే చెప్పాలి, ఎవరో ఒకరు చెప్తారులే అని ఊరుకోకూడదు. 20 లీటర్ల క్యాన్ నీళ్లని మినరల్ వాటర్ అంటాం గానీ, వీధుల్లో వెలసిన ఆర్వో ప్లాంట్లన్నిటికీ ఐఎస్ఐ గుర్తు లేదు. ఆర్వో నీళ్లలో క్లోరిన్ మిగలదు, కాబట్టి క్యాన్ సరిగ్గా కడగకపోయినా, మధ్యలో ఎవరో చెయ్యి పెట్టినా కాపాడేది ఏమీ ఉండదు.

విరేచనాలు మొదలైతే ముందు ఓఆర్ఎస్. లీటరుకి సరిపోయే ప్యాకెట్‌ని మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసుడు నీళ్లలో చిటికెడు వేసి కాదు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అదే చెంచాతో అర చెంచా ఉప్పు. చాలా విరేచనాలకి యాంటీబయాటిక్ అక్కర్లేదు. పోయిన నీరు తిరిగి పడితే చాలు.

ఇక మీదట బాబుకి జ్వరం వస్తే: మొదటి రెండు రోజులు పారాసిటమాల్, నీళ్లు, తిండి. ‘లంఖణం పరమౌషధం’ అన్న మాట ఈ జ్వరాలకి వర్తించదు. మెత్తటి అన్నం, పప్పుకట్టు, పెరుగు, గుడ్డు ఏది దిగితే అది పెట్టండి, బ్రెడ్డు పాలతోనే వారం గడపొద్దు. మూడోరోజుకీ తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ‘యాంటీబయాటిక్ ఇంకా మొదలుపెట్టలేదు, ముందు బ్లడ్ కల్చర్ తీయించమంటారా?’ అని అడగండి. అలా అడిగితే మంచి డాక్టర్‌కి కోపం రాదు. మలేరియా, డెంగీ పరీక్షలు కూడా అప్పుడే అవుతాయి. రక్తం తీశాక రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా డాక్టర్ మందు మొదలుపెట్టొచ్చు, అది ఆయన నిర్ణయం.

నిజంగా టైఫాయిడే అయితే, సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది రెండోరోజే డాక్టర్‌ని మార్చేస్తారో! కొత్త డాక్టర్ ఇంకో మందు కలుపుతాడు, అది ఐదోరోజున పనిచేసినట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్‌తో తగ్గేది, ఇప్పుడు మన దేశంలో చాలావరకు టైఫాయిడ్ క్రిములకి అది పనిచేయట్లేదు. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ మిగిలాయి. పాకిస్తాన్‌లోని సింధ్‌లో 2016 నుంచి సెఫ్ట్రియాక్సోన్‌కి కూడా లొంగని టైఫాయిడ్ వ్యాపించింది, అక్కడ నోటితో వేసుకునే వాటిలో దాదాపు అజిత్రోమైసిన్ ఒక్కటే దిక్కు. మనం దాన్ని జలుబుకి వాడుతున్నాం. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్రగీత ఉంటే చీటీ లేకుండా కొనకూడదు, షాపువాళ్లు అమ్మకూడదు. డాక్టర్ రాసినప్పుడు మాత్రం జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకుండా, చెప్పినన్ని రోజులూ వాడాలి.

జ్వరం రెండో వారం దాటుతుండగా కడుపులో భరించలేని నొప్పి, పొట్ట బిగుసుకుపోవడం, తారులా నల్లటి విరేచనం, మగతగా ఉండి పిలిస్తే పలకకపోవడం, ఏది తాగినా వాంతి కావడం - ఇందులో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి వెళ్లాలి. పేగుకి చిల్లు పడే ప్రమాదం ఆ రోజుల్లోనే. మీకు దగ్గర్లో, అందరూ కొత్త ఆస్పత్రి అని పిలిచే ప్రభుత్వాసుపత్రి ఉంది. అక్కడ సర్జన్లూ ఉంటారు, కల్చర్ చేసే ల్యాబూ ఉంటుంది. అత్తయ్య, మీ ఆయనల స్టూల్ కల్చర్ గురించి కూడా అక్కడే అడగొచ్చు. వెళ్లేటప్పుడు బాబు పాత రిపోర్టులు, వాడిన మందుల చీటీలు అన్నీ ఒక కవర్లో పెట్టి తీసుకెళ్లండి.